నాయినమ్మ ఎవరింట్ల ఉండాలె? (వాడ ముచ్చట్లు – 11)



పోయిన భాగం అసైన్డ్ భూముల గురించి. ఈసారి మతి తప్పుతున్న ముసలోళ్ళ గురించి రాస్తున్నా. వాళ్ళు ఎక్కడ ఉండాలి, ఎవరి నడుమ ఉండాలి, వాళ్ళను చూసుకునే మనిషికి కూలి ఎవరివ్వాలి, ఇదీ ముచ్చట. మొన్న సూర్యాపేటలో ఒక డిగ్రీ తమ్ముడు "అన్నా, ఇది డాక్టర్ల సబ్జెక్టు కదా, మన ఎజెండా ఎట్లయితది?" అని అడిగిండు. మంచి ప్రశ్నే. జవాబు అంకెలతోనే మొదలుపెడతా.

2023లో వచ్చిన లాసీ-డాడ్ సర్వే లెక్క ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. అంటే దాదాపు 88 లక్షల మంది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో ఎక్కువ, పట్నం కంటే పల్లెలో ఎక్కువ, చదువుకున్నవాళ్ళ కంటే చదువు లేనివాళ్ళలో ఎక్కువ. ఈ మూడు గీతలు గీసి చూడండి, ఎక్కడ కలుస్తాయో. ఊరి చివర వాడలో, బడి గడప తొక్కనియ్యని ఒక ముసలామె గుడిసె దగ్గర కలుస్తాయి. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియా ముప్పును పెంచే 14 కారణాల జాబితా ఇచ్చింది. చిన్నతనంలో చదువు లేకపోవడం అందులో ఒకటి. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, పట్టించుకోని బీపీ, షుగర్, ఒంటరితనం మిగతా వాటిలో కొన్ని. ఇవన్నీ సరిచేయగలిగితే దాదాపు సగం కేసులు, సరిగ్గా చెప్పాలంటే 45 శాతం, ఆపడమో వాయిదా వెయ్యడమో సాధ్యమని వాళ్ళ అంచనా. మా ముసలోళ్ళను బడికి పోనియ్యంది జీన్స్ కాదు గదా తమ్ముడూ.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా నాయినమ్మ సంగం కొట్లాటల కాలంలో పుట్టింది. ఆధార్‌లో మాత్రం జనవరి ఒకటి అని రాసిన్రు. సాగర్ ఎడమ కాల్వ నీళ్ళు వచ్చిన తర్వాత ఆ ఊళ్ళల్లో వరి నాట్లకు ఎంత గిరాకీ వచ్చిందో మీకు తెలుసు. నాయినమ్మ ఇరవై మంది ఆడవాళ్ళ ముఠాకు పెద్ద. ఎవరి మడి ఎప్పుడు, ఎకరానికి ఎంత గుత్త, ఎవరికి ఎంత రావాలి, అన్నీ నోటి లెక్కే. వేలిముద్ర వేసే మనిషి, కానీ దొర లెక్కలో పదిరూపాయల తేడా వస్తే గట్టు మీదనే నిలబెట్టి అడిగేది.

2019లో ఆ లెక్కలు తప్పడం మొదలైంది. మొదట ఇచ్చిన కూలి మళ్ళీ ఇచ్చింది. తర్వాత పొయ్యి మీద కుండ పెట్టి మర్చిపోయింది. ఆ తర్వాత ఊళ్ళో ఒక్కతే ఉండే పరిస్థితి పోయింది. మా నాయిన సూర్యాపేటలో, చిన్నాయిన కోదాడలో, మేనత్త మిర్యాలగూడలో. పెద్దమనుషులు కూసోని తెలుగునాట ఎక్కడైనా ఇచ్చే తీర్పే ఇచ్చిన్రు. వంతులు. నెలకు ఒకరింట్ల.

ఈ వంతుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామంది ఇళ్ళల్లో ఇదే జరుగుతున్నది, ఎవరూ దీన్ని తప్పని అనుకోరు. ఒకటో తారీకు వస్తే నాయినమ్మ సంచి సర్దుడు. సూర్యాపేట నుంచి హైవే మీద కోదాడ. మళ్ళీ నెల కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ. మూడు ఇళ్ళు, మూడు రకాల గుమ్మాలు. సూర్యాపేటలో బాత్రూం పెరట్ల ఉంది, కోదాడలో వంటింటి పక్కన, మిర్యాలగూడలో వాకిలి అవతల. రాత్రి లేచి కోదాడ బాత్రూం కోసం సూర్యాపేట గోడ తడుముకునేది. దొరకక అక్కడ్నే కూసునేది. "కావాలని చేస్తున్నది" అని ఇంట్లో గొడవ. మూడో వారం వచ్చేసరికి దారి కాళ్ళకు అలవాటయ్యేది. అంతలోనే నెల అయిపోయేది. అన్నదమ్ముల మధ్య లెక్క సమానంగా తేలింది, ఆమె లెక్క మాత్రం నెలనెలా మొదటికొచ్చేది. కొత్తవి గుర్తుపెట్టుకునే శక్తే పోతున్న మనిషికి నెలకో కొత్త ఇల్లు ఇవ్వడం కంటే పెద్ద శిక్ష ఇంకేముంటది?

ఇంకొకటి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి సద్దిగిన్న చేతబట్టుకొని బయటికి నడిచేది. డాక్టర్లు దీన్ని దిక్కు లేకుండా తిరగడం అంటారు. నాయినమ్మకు దిక్కు ఉంది. నాటుకు పోతున్నది. యాభై ఏండ్లు అదే టైంకు అట్లనే పోయింది. "పొద్దెక్కుతది, మునుం పట్టాలె, ఆడోళ్ళంతా నాకోసం ఎదురుచూస్తుంటరు" అనేది. ఆపితే కొట్టేది. కోదాడలో చిన్నాయిన, చిన్నమ్మ ఇద్దరూ కూలికి పోయే మనుషులు. ఒక రోజు కూలి పోతే ఐదు వందలు పోతాయి. చివరికి పొద్దున బయట తాళం వేసి పోవడం మొదలుపెట్టిన్రు. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాదు. ఆ తాళం వాళ్ళ ఇష్టం కాదు, వాళ్ళ కూలి.

ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాం. పేరు వద్దు. అక్కడ ఆమెను అడిగిన మొదటి ప్రశ్న "ఇవ్వాళ తారీకు ఎంత?" రెండోది "ఇది ఏ సంవత్సరం?" తర్వాత పెన్సిల్ ఇచ్చి బొమ్మ చూసి గియ్యమన్నరు. జన్మలో పెన్సిల్ పట్టని చెయ్యి. సున్నా మార్కులు. బయటికి వచ్చినంక నేను అడిగిన, "నాయినమ్మా, ఇప్పుడు ఏం కార్తె?" ఆకాశం దిక్కు చూసి "రోహిణి కాదె, ఈ ఎండ చూస్తలేవా" అన్నది. రోహిణే.

ఆమెకు జబ్బు లేదని నేను అనడం లేదు. ఉంది. కానీ ఆ జబ్బును కొలిచే తక్కెడలో చదువు కూడా కలిపి తూచిన్రు. చదువు లేనివాళ్ళ కోసం పరీక్షలు లేక కాదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ముప్పై ఏండ్ల కిందనే నిరక్షరాస్యుల కోసం హిందీలో పరీక్ష తయారుచేసిన్రు. ఐసీఎంఆర్ కూడా తెలుగుతో సహా మన భాషల్లో తయారుచేసింది. అవి జిల్లా కేంద్రం దాకా వస్తే కదా. ఇంకో మాట, విద్యార్థులు తప్పకుండా చదవాల్సింది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లను చూసి 2013లో ఒక పరిశోధన అచ్చేసింది. ఒకటే భాష వచ్చినవాళ్ళ కంటే రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు సగటున నాలుగున్నరేండ్లు ఆలస్యంగా మొదలైంది. అసలు చదువే లేనివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. ఇంట్లో గోర్ బోలీ, బజార్ల తెలుగు మాట్లాడే మా తండా అక్కలకు ఈ ముచ్చట చెప్తే "గట్లనా!" అని నవ్విన్రు. పలక పట్టకపోయినా మెదడు పని చేస్తనే ఉన్నదని ప్రపంచానికి చెప్పింది మన హైదరాబాదే.

సరే, ఆశ్రమం సంగతి. వంతుల మీద గొడవలు ముదిరినంక నేను, చిన్నాయిన కలిసి ఒక వృద్ధాశ్రమం చూడడానికి పోయాం. పెద్ద హాలు, వరసగా మంచాలు. జుట్టు అందరికీ ఒకటే తీరుగా కత్తిరించిన్రు. పదకొండు గంటల పొద్దున్నే సగం మంది నిద్రలో ఉన్నరు. ఒకామె చెయ్యి మంచం పట్టెకు పాత చీర పేలికతో కట్టేసి ఉంది. "పడిపోతది సార్, అందుకే" అన్నడు అక్కడి మనిషి. నలభై మందికి ఇద్దరు ఆయాలు. ఆ ఇద్దరినీ తప్పు పట్టలేం, ఏ దేవత దిగొచ్చినా నలభై మందిని ఇద్దరు చూసుకోలేరు. పోయేముందు ఆయన అడగాల్సింది అడిగిండు. "మీరు ఏమిటోళ్ళు?" చిన్నాయిన చెప్పిండు. "అంటే... ఇక్కడ నీసు పెట్టం, ముందే చెప్తున్నా" అన్నడు. మేం నీసు సంగతే ఎత్తలేదు.

ఇప్పుడు చట్టం చూద్దాం. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. సెక్షన్ 19 ప్రకారం దిక్కులేని వృద్ధుల కోసం రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమంతో మొదలుపెట్టవచ్చు, వాటిలో కనీసం 150 మందికి చోటుండాలి. "వచ్చు" అన్న మాట దగ్గర ఆగండి, "తీరాలి" అని లేదు. ఆ 150 దగ్గర కూడా ఆగండి. పేద ముసలోళ్ళంటే చట్టం రాసినవాళ్ళ కండ్లకు ఒక గోడౌన్ కనిపించింది.

నెదర్లాండ్స్‌లో వీస్ప్ అనే ఊళ్ళో 2009లో హోగెవేక్ అని ఒక పల్లె కట్టిన్రు. మొత్తం డిమెన్షియా ఉన్నవాళ్ళ కోసమే. మొదలైనప్పుడు అక్కడ ఉన్నది 152 మంది. మన చట్టం చెప్పిన అంకెకు రెండే ఎక్కువ. కానీ ఆ 152 మంది 23 ఇళ్ళల్లో ఉన్నరు. ఇంటికి ఆరేడుగురు. ఇంట్లోనే వంటగది, ఇంట్లోనే కూర వాసన, రోజూ కనిపించే అవే ముఖాలు. వాకిలి దాటి బయటికి పోతే వీధి, దుకాణం, చెట్లు. తిరగాలనిపిస్తే తిరగొచ్చు. జపాన్‌లో 2000 నుంచి కేర్ ఇన్సూరెన్స్ కింద గ్రూప్ హోములు నడుస్తున్నయి, ఒక యూనిట్‌లో ఐదు నుంచి తొమ్మిది మంది. కూరగాయలు తరిగేది, బట్టలు మడతపెట్టేది చేతనైనంత వరకు వాళ్ళే.

ఇట్లాంటి చిన్న ఇళ్ళ వల్ల ఏం మారింది? ఇక్కడ నేను గొప్పలు చెప్పను. నెదర్లాండ్స్‌లో హిల్డే వెర్బేక్ బృందం చిన్న ఇళ్ళనూ పెద్ద నర్సింగ్ హోములనూ పక్కపక్కన పెట్టి పోల్చింది. చిన్న ఇళ్ళల్లో మనుషుల్ని కట్టేయడం తగ్గింది. మత్తు, మానసిక మందుల వాడకం తగ్గింది. నలుగురితో కలవడం పెరిగింది. ఇంటివాళ్ళ మీద భారం కొంత తగ్గింది. కానీ జీవన నాణ్యత కొలతల్లో మొత్తమ్మీద పెద్ద తేడా దొరకలేదు. అటూ ఇటూ తిరగడం లాంటివి చిన్న ఇళ్ళల్లో ఇంకొంచెం ఎక్కువే కనిపించినయి. కట్టెయ్యకపోతే మనిషి తిరుగుతడు కదా! నాకైతే చెయ్యి కట్టేయకపోవడం ఒక్కటే చాలు. మందుల సంగతి కూడా చిన్నది కాదు. డిమెన్షియా ఉన్న వృద్ధులకు యాంటీసైకోటిక్ మందులు ఇస్తే చావు ముప్పు పెరుగుతుందని అమెరికా ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక పెట్టింది. మన దగ్గర అవి చాక్లెట్ల తీరు పోతున్నయి.

అయితే "ఇంటిలాంటి చోటు" అన్న మాట దగ్గర నాకొక పేచీ ఉంది. ఎవరి ఇంటిలాంటిది?

హోగెవేక్‌లో మొదట ఇళ్ళను ఏడు రకాల జీవన శైలులుగా విడదీసిన్రు. సంపన్న కుటుంబాల తీరు ఇల్లు ఒకటి, చేతిపనివాళ్ళ తీరు ఇల్లు ఒకటి, ఇండోనేషియా నుంచి వచ్చినవాళ్ళ తీరు ఇల్లు ఒకటి, అట్లా. తర్వాత వాటిని నాలుగుకు తగ్గించిన్రు. ఆలోచన మంచిదే, అలవాటైన తిండి, పాట, కుర్చీ దొరికితే మనిషి కుదుటపడతడు. కానీ దాన్ని తెచ్చి మన దగ్గర పెట్టండి. జీవన శైలి అంటే ఇక్కడ ఏమైతది? ఒకటి అగ్రహారం, ఒకటి దొరలగడీ, చివర్ల కాల్వ అవతల ఒకటి వాడ. ఆరేడుగురు ఉండే ఇల్లు కడతరు సరే, ఆ ఏడుగురు ఎవరెవరు? పొయ్యి మీద ఎండుచేపలు వేగితే పక్కింటామె కూతురు ఫిర్యాదు చెయ్యదా? మా నాయినమ్మకు ఇంటి వాసనంటే పెద్దకూర, జొన్నరొట్టె. అది లేని ఇంటికి ఎన్ని పూలకుండీలు పెట్టినా ఆమెకు అది ఆశ్రమమే.

ఊరు, ఉమ్మడి కుటుంబం అని కరిగిపోయేవాళ్ళతో కూడా నాకు పడదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఊరి గురించి ఏమన్నరో మీకందరికీ తెలుసు. ముసలోళ్ళను ఊరే చూసుకునేదని చెప్పేవాళ్ళు, ఎవరి ముసలోళ్ళను, ఏ ఆడమనిషి కూలి పోగొట్టుకొని చూసుకున్నదో కూడా చెప్పాలె.

మా మేనత్త బిడ్డ హైదరాబాద్‌లో పేషెంట్ అటెండెంట్. ఏజెన్సీ పంపితే పోతది, పన్నెండు గంటల డ్యూటీ. ఒక రిటైర్డ్ ఆఫీసర్ ఇంట్లో ఏడాదిన్నర చేసింది. ఆయనకు డిమెన్షియా. భార్య పేరు గుర్తులేదు, చేసిన ఉద్యోగం గుర్తులేదు. రోజూ పొద్దున ఈమెను చూసి అడిగే మొదటి మాట, "నువ్వు ఎవరమ్మా, ఏ కులం?" చెప్తే మర్చిపోతడు. మళ్ళీ పొద్దున అడుగుతడు. మా చెల్లె గడుసుది. ఒకరోజు రెడ్డి అన్నది, ఒకరోజు కమ్మ అన్నది, ఒకరోజు బ్రాహ్మణి అన్నది. బ్రాహ్మణి అన్ననాడు ఆయన దండం పెట్టిండట. విసుగొచ్చి ఒకనాడు మాదిగ అని నిజమే చెప్పింది. ఆ పూట అన్నం ముట్టలేదు. గంట ఆగి అదే పళ్ళెం పట్టుకొని మళ్ళీ పోయింది. మర్చిపోయిండు, తిన్నడు. ఇది చెప్పి మా చెల్లె పడిపడి నవ్వింది. మేమూ నవ్వినం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెండ్లాం పేరు చెరిగిపోయిన చోట కూడా ఆ ప్రశ్న చెరగలేదు.

చిన్న ఇల్లు అంటే కాళ్ళు చేతులు కడిగేవాళ్ళు, తినిపించేవాళ్ళు, ముడ్డి కడిగేవాళ్ళు ఇంకా దగ్గరగా ఉండే చోటు. పెద్ద హాల్లో కొంచెమన్నా దూరం ఉంటది. చిన్న ఇంట్లో అటెండెంట్‌కు దాక్కునే మూల ఉండదు. అందుకే ఇట్లాంటి ఇళ్ళు అడిగేటప్పుడు అక్కడ పనిచేసే దళిత ఆడవాళ్ళ గురించి అదే వాక్యంలో అడగాలె.

మేం చివరికి ఏం చేసినమంటే వంతులు ఆపేసినం. నాయినమ్మ మిర్యాలగూడలో మేనత్త దగ్గరే ఉంటది. మిర్యాలగూడ అంటే మనందరికీ 2018లో ప్రణయ్ గుర్తొస్తడు, ఆ ఊరిని నేను తీయగా చెప్పలేను. కానీ మేనత్త ఉండే వాడకట్టు మంచిది. మా మామ రైస్ మిల్లుల్లో హమాలీ చేసి చెవులు పోగొట్టుకున్న మనిషి, ఇంట్లోనే ఉంటడు. మేనత్త మిల్లులో ఊడ్చే పని చేసేది, మానేసింది. ఊరికే కాదు. నాయిన, చిన్నాయిన ఇద్దరూ నెలనెలా ఆమెకు ఆ పనిలో వచ్చినంత కూలి ఇవ్వాలని కాయితం రాయించినం. "అమ్మను చూసుకోవడానికి కూలేంది?" అని చిన్నాయిన ఒక మాట అన్నడు. "మరి నీ పెండ్లాం కూలి పోతదని తాళమేసినవు గదరా తమ్మీ" అన్నది మేనత్త. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

తాళం లేదు. నాలుగింటికి నాయినమ్మ లేస్తే మామ కూడా లేస్తడు. ఇద్దరూ వాడ చివర వేపచెట్టు దాకా పోయి వస్తరు. ఆయనకు వినపడదు, ఆమెకు గుర్తుండదు, ముచ్చట మాత్రం ఆగదు. పగలు చింతపండు గింజలు తీస్తది, పల్లికాయ ఒలుస్తది. తీసిందే మళ్ళీ తీస్తది, ఎవరికేం నష్టం? వాడలో ఇంకో ముగ్గురు ముసలోళ్ళు పొద్దంతా ఆ అరుగు మీదికే వస్తరు, వాళ్ళ కోడళ్ళు పనికి పోయినప్పుడు. అందరికీ "ఏ మడికి పోవాలె" అని పని పురమాయిస్తది. వేరే డాక్టర్‌కు చూపించి, ఆయన చెప్పినట్టే నిద్రమాత్రలు మెల్లగా తగ్గించినం. బీ12, థైరాయిడ్ పరీక్షలు కూడా ఆయనే చేయించిండు. అవి తక్కువైనా మతిమరుపు వస్తుందట, మందులకు లొంగే రకం. మీ ఇంట్లో ఎవరికన్నా మొదలైతే ముందు అవి చూపించండి.

జబ్బు తగ్గలేదు. ఇప్పుడు నన్ను గుర్తుపట్టదు, మరిది అనుకుంటది. కానీ చెయ్యి పట్టుకుంటది. పోయిన వానాకాలం మేనత్తకు పది రోజులు జ్వరమొస్తే మొత్తం కూలిపోయింది. ఆ పది రోజులు మళ్ళీ అరుపులు, మళ్ళీ మంచంలోనే అన్నీ. ఒక్క మనిషి నడుము మీద నిలబడ్డ ఏర్పాటు అది.

కాబట్టి అడగాల్సింది ప్రభుత్వాన్నే. ఆసరా పింఛన్ రూ.2,016. దాంతో ఒక నెల డైపర్లు కూడా రావు. ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017 నుంచి ఉంది. ఆ నిధిలోంచి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో వాడల మధ్యనే ఎనిమిది మంది ఉండే ఇళ్ళు ఎందుకు నడపకూడదు? పగటిపూట వచ్చిపోయేవాళ్ళకు ఒక అరుగు, రాత్రి ఉండేవాళ్ళకు మంచాలు, ఆ వీధి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ప్రభుత్వ జీతం. ఆయాలుగానే కాదు, ఇంటిని నడిపే మేనేజర్లుగా. ఏ కులం ముసలోళ్ళైనా రావచ్చు, పొయ్యి మీద ఏం ఉడకాలో మాత్రం అక్కడ ఉండేవాళ్ళు చెప్తరు. సూర్యాపేట, నల్లగొండ రెండు చోట్లా 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నయి. అక్కడి పిల్లలు వారానికొకసారి వాడలకు వచ్చి చూసినా సగం పని అయితది.

దానికి ముందు లెక్క కావాలె. సెలవుల్లో ఊళ్ళకు పోయే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ వాడలో ఇల్లిల్లూ తిరిగి నాలుగు సంగతులు రాసుకురండి. మతి తప్పిన ముసలోళ్ళు ఎంతమంది? వంతుల మీద తిరుగుతున్నది ఎవరు? పగలు తాళం పడుతున్న ఇళ్ళు ఎన్ని? చూసుకోవడానికి కూలి మానేసింది ఎవరు? తారీకు అడగొద్దు, కార్తె అడగండి. పేర్లు మాత్రం బయట పెట్టొద్దు, ముఖ్యంగా భూమి ఉన్నవాళ్ళవి. మతి తప్పిన మనిషి బొటనవేలు కోసం కాచుకొని ఉండేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నరు. ఎవరన్నా ముసలోళ్ళను కొడుతున్నట్టో వదిలేసినట్టో తెలిస్తే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చెయ్యండి. చూసుకునే మనిషే కుంగిపోతే టెలీ మానస్ 14416.

మేనత్తకు ఇదంతా చదివి వినిపించిన. అంతా విని "ఎనిమిది మంది ఇల్లు వచ్చినప్పుడు వస్తది గానీ, వారానికి ఒక దినం నాకు సెలవిచ్చే మనిషిని ముందు తేండ్రి" అన్నది. ఈ ఆదివారం నుంచి నేనూ చిన్నాయిన కొడుకూ వంతులేసుకున్నం.

వచ్చే భాగం అటెండెంట్ ఏజెన్సీల కమీషన్ల మీద. మా చెల్లె పే స్లిప్పులు వెతుకుతున్నది.